గొట్టా దగ్గర లక్ష క్యూసెక్కులంటే మన ఊళ్ళో ఎన్ని అడుగులు?

(వంశధార, నాగావళి తీర గ్రామాల రైతులు, సచివాలయ సిబ్బంది కోసం శ్రీకాకుళం జిల్లాలో ఏర్పాటైన సదస్సులో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొలం పనులు మానుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను.

తుపాను రోజుల్లో టీవీలోనూ, వాట్సాప్‌లోనూ ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. వంశధార మీద హిరమండలం దగ్గరున్న గొట్టా బ్యారేజీకి ఇన్ని వేల క్యూసెక్కుల (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు) ఇన్‌ఫ్లో, ఇన్ని వేలు దిగువకు విడుదల, రెండో ప్రమాద హెచ్చరిక జారీ అని. లెక్క సరైనదే. అయితే పోలాకి మండలంలో నది పక్కన కళ్ళం ఉన్న రైతుకి దానివల్ల ఏం తెలుస్తుంది? నీరు కళ్ళంలోకి వస్తుందా, గట్టు కిందే పోతుందా, వస్తే ఏ వేళకి వస్తుంది? ఆ మూడూ అందులో లేవు. బ్యారేజీ దగ్గర లెక్కని మన ఊరి లెక్కగా మార్చుకోవాల్సింది మనమే. ఈరోజు ముఖ్యంగా చెప్పేది అదే. మిగతా విషయాలు దాని చుట్టూ వస్తాయి.

ముందు నీరు ఎక్కడిదో చూద్దాం. వంశధార పుట్టుక ఒడిశాలో, కలహండి వైపు కొండల్లో. అక్కడినుంచి సుమారు 254 కిలోమీటర్లు నడిచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దీని పరీవాహక ప్రాంతం మొత్తం 10,800 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో దాదాపు 8 వేలు ఒడిశాలోనే. అంటే నాలుగింట మూడు వంతుల నీరు మనకి కనిపించని ఆకాశం నుంచి పడుతుంది. నరసన్నపేటలో ఎండ కాస్తుండగా మడపాం వంతెన కింద నది నిండుగా పారడంలో వింతేమీ లేదు. మన ఊళ్ళో వాన వెలిసింది కదా అని నది దగ్గరకి పశువుల్ని తోలడం చాలా ప్రమాదం. మన దగ్గర వాన ఆగాక కూడా పై నీరు వస్తూనే ఉంటుంది.

ఎంత నీరు వస్తుందో చిన్న లెక్క వేద్దాం. చదరపు కిలోమీటరు నేల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే లక్ష ఘనపు మీటర్ల నీరు. 8 వేల చదరపు కిలోమీటర్ల మీద అంతే వాన పడితే 80 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 28 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). నేల అప్పటికే తడిసి ఉందనుకుంటే, సగం ఇంకి సగం పారినా 14 టీఎంసీలు. ఒక టీఎంసీ ఒక రోజులో దాటాలంటే 11,574 క్యూసెక్కులు పారాలి. ఆ 14 టీఎంసీలూ ఒక్క రోజులో దిగితే సగటున లక్షా అరవై వేల క్యూసెక్కులు. వరద ఉచ్చస్థాయిలో పారేది ఆ సగటు కంటే బాగా ఎక్కువ ఉంటుంది. తుపాను కొండలకి తగిలి ఆగినప్పుడు 10 సెంటీమీటర్ల వాన పెద్ద విషయం కాదని మీకు తెలుసు.

ఇక్కడ ఒక అపోహ తీరాలి. బ్యారేజీ ఉంది కదా, కొంత నీరు ఆపుకోవచ్చు కదా అని అడుగుతారు. గొట్టా ఆనకట్ట సాగునీటి కాలువలకి నీరు ఎక్కించడానికి కట్టింది. దాని వెనక ఒక టీఎంసీ కూడా నిలవదు. లక్షన్నర క్యూసెక్కుల వరదని అది ఆపాలన్నా రెండు గంటలకి మించి ఆపలేదు. గేట్లన్నీ ఎత్తేస్తే అది నదిలో ఒక వంతెన లాంటిదే, వచ్చింది వచ్చినట్టు పోతుంది. గేట్లు ఎత్తినందువల్లే ఊరు మునిగిందన్న మాట చాలాసార్లు వినిపిస్తుంది, అది సరికాదు. అయితే గేట్లు ఎప్పుడు, ఎన్ని, ఎంత వేగంగా ఎత్తుతున్నారన్నది దిగువన మొదటి గంటల్లో చాలా ముఖ్యం. ఆ సమాచారం అడిగే హక్కు దిగువ ఊళ్ళకి ఉంది, అడగాలి కూడా.

గొట్టా కంటే ముందే కబురు చెప్పే చోట్లు రెండున్నాయి. గుణుపూర్, కాశీనగర్. రెండూ ఒడిశాలో నది ఒడ్డునే ఉన్నాయి. రెండు చోట్లా కేంద్ర జల సంఘం నీటిమట్టం కొలుస్తుంది. కాశీనగర్‌లో ప్రమాద స్థాయి 54.60 మీటర్లు. గుణుపూర్‌లో మట్టం పెరుగుతోందంటే మనకి దొరికే వ్యవధి ఎక్కువ, కాశీనగర్‌లో పెరుగుతోందంటే కొద్ది గంటలే. దీనికితోడు మహేంద్రతనయ గొట్టాకి ఎగువనే వచ్చి కలుస్తుంది. పర్లాఖెముండి వైపు కుండపోత పడితే కాశీనగర్ మట్టంలో అది కనబడదు, గొట్టా దగ్గర కనబడుతుంది. అందుకే కాశీనగర్ శాంతంగా ఉందని నిద్రపోవద్దు. ఇచ్ఛాపురం వైపు బాహుదా, మందస సోంపేటల వైపు సముద్రంలో కలిసే ఇంకో మహేంద్రతనయ మరీ పొట్టి నదులు. కొండ మీద వాన పడిన పూటే కింద పొంగుతాయి. అక్కడ హెచ్చరిక కోసం చూస్తూ కూర్చునే వ్యవధి ఉండదు, వాన లెక్కే హెచ్చరిక.

నాగావళి సంగతి వేరు. అది కూడా కలహండి కొండల్లో 1,300 మీటర్ల ఎత్తున పుట్టి, రాయగడ మీదుగా తోటపల్లికి వస్తుంది. 2017 జులైలో రాయగడ జిల్లాలో ఒక్కసారిగా వచ్చిన వరదకి వంతెనలే కొట్టుకుపోయాయి. తోటపల్లి దగ్గర నిల్వ రెండున్నర టీఎంసీలు, కాబట్టి గొట్టా కంటే కొంచెం సర్దుబాటు ఉంది. కానీ శ్రీకాకుళం పట్టణానికి, బూర్జ, సంతకవిటి, ఆమదాలవలస ఊళ్ళకి తోటపల్లి లెక్క ఒక్కటే చాలదు. సువర్ణముఖి, వేగావతి నీళ్ళు మడ్డువలసలో చేరి, వంగర మండలం సంగాం దగ్గర నాగావళిలో కలుస్తాయి. తోటపల్లి నుంచి ఎంత, మడ్డువలస నుంచి ఎంత, రెండూ కూడితే నారాయణపురం ఆనకట్ట దగ్గర ఎంత అన్నది చూడాలి. తోటపల్లి అంకె చిన్నదే కదా అనుకున్న రోజున మడ్డువలస గేట్లు ఎత్తి ఉండవచ్చు. నాగావళి ఒడ్డున ఉన్నవాళ్ళు ఫోన్ చేసి అడగాల్సింది నారాయణపురం అంకె.

చరిత్ర కొంచెం చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1980 వంశధార వరదని ఇప్పటికీ పెద్దవాళ్ళు కొలమానంగా చెబుతారు. ఈ మధ్య కాలానికి వస్తే 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మనకి నిజమైన ముంపు పెట్టింది మాత్రం ఆ నెల చివరి వారంలో వదలకుండా కురిసిన వాన. 2014లో మళ్ళీ అక్టోబరు 12నే హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది, నాగావళి ఇక్కడ పొంగింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర వజ్రపుకొత్తూరు తీరాన్ని కొట్టింది, ఆ వెనకే వంశధార, బాహుదా పొంగాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి కొంచెం ఉత్తరాన దాటింది. తొమ్మిదేళ్ళలో నాలుగు, అన్నీ సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు నెలాఖరు లోపే. ఆ రోజుల్లో నేల నిండా తడిసి ఉంటుంది, చెరువులు నిండి ఉంటాయి, వరి పొట్ట మీదో గింజ మీదో ఉంటుంది. జులైలో వచ్చిన వరద కంటే అక్టోబరు వరద ఎక్కువ నష్టం చేస్తుందంటే కారణం అదే. జులైలో మునిగిన మడిలో మళ్ళీ నారు పెట్టుకోవచ్చు. అక్టోబరులో ఆ వీలు లేదు.

ఇప్పుడు ఊరి కొలబద్ద. దీనికి ఖర్చు ఒక పెయింటు డబ్బా, ఒక ట్యూబు.

నది ఒడ్డున కదలని, కొట్టుకుపోని వస్తువు ఒకటి ఎంచుకోండి. వంతెన స్తంభం, స్నానాల రేవు మెట్లు, ఎత్తిపోతల పథకం బావి గోడ, ఏదైనా సరే. కరెంటు స్తంభం వద్దు, వరదలో వంగుతుంది. చెట్టు వద్దు, పెరుగుతుంది. దాని మీద 10 సెంటీమీటర్లకి ఒక గీత, ప్రతి అర మీటరుకీ రంగు మార్చి పెద్ద గీత. రాత్రి టార్చి వేసి గట్టు మీదనుంచే చదవగలిగేంత పెద్దగా అంకె రాయండి. సున్నా ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టం, ఎండాకాలం నీటి మట్టం దగ్గర పెడితే సులువు. అంకెలు కిందినుంచి పైకి పెరగాలి, అంతే.

తర్వాత ఒక నోటుబుక్కు. నది నిండుగా పారిన ప్రతిసారీ అయిదు సంగతులు రాయాలి. గొట్టాలో విడుదల ఎన్ని క్యూసెక్కులు, అది ఏ సమయానికి చెప్పారు, మన కొలబద్ద మీద నీరు పెరగడం ఏ సమయానికి మొదలైంది, ఎంత ఎత్తుకి వెళ్ళి ఆగింది, ఏ సమయానికి ఆగింది. చిన్న వరదల్ని కూడా రాయండి, 20 వేల క్యూసెక్కులైనా సరే. పెద్ద వరద కోసం చూస్తే ఏళ్ళు పడుతుంది, చిన్నవి ప్రతి ఏడూ వస్తాయి. నాలుగైదు వరదలు రాసేసరికి పట్టిక తయారవుతుంది. ఉదాహరణకే చెబుతున్నాను, ఈ అంకెలు ఏ ఊరివీ కావు: 30 వేలకి రెండు మీటర్లు, 50 వేలకి రెండు మీటర్ల ఎనభై, 80 వేలకి మూడున్నర. ఇందులో గమనించాల్సింది, నీరు రెట్టింపైతే ఎత్తు రెట్టింపు కాదు. నది పక్కలకి విస్తరిస్తుంది. గట్టు దాటాక మరీ నెమ్మదిగా పెరుగుతుంది, అప్పుడు నీరు పొలాల్లోకి పోతోంది కాబట్టి. కొలబద్ద మీద పెరుగుదల తగ్గిందని సంతోషించే ముందు ఎక్కడ పొర్లుతోందో చూడండి.

ఈ పట్టిక ఎప్పుడు తప్పుతుందో కూడా తెలిసి ఉండాలి. పెరిగే వరదకీ తగ్గే వరదకీ ఒకే క్యూసెక్కుల దగ్గర మట్టం వేరుగా ఉంటుంది. గార, పోలాకి వైపు ఊళ్ళలో పౌర్ణమి, అమావాస్య పోటు ఉన్నప్పుడు, సముద్రం మీద తుపాను గాలి ఒడ్డుకి వీస్తున్నప్పుడు నదీముఖం దగ్గర నీరు దిగదు, మట్టం ఒక్కోసారి అడుగు పైగా ఎక్కువ చూపిస్తుంది. ఇసుక తవ్వకాల వల్ల నది అడుగు భాగం దిగిపోయినా, కొత్తగా మేట వేసినా పాత పట్టిక పనికిరాదు. ఒక పెద్ద వరద తర్వాత తిరిగి మొదటినుంచి రాయడం మంచిది. నదికి ఒకవైపే కరకట్ట ఎత్తు పెంచితే అవతలి ఊరి లెక్క మారిపోతుంది. అవతలి ఒడ్డు వాళ్ళతో మాట్లాడుకోండి.

కొలబద్ద నది దగ్గర ఉంది, ఇళ్ళు లోపల ఉన్నాయి. ఆ మట్టాన్ని ఊళ్ళోకి తేవాలి. తాపీ మేస్త్రీల దగ్గర నీళ్ళ ట్యూబు ఉంటుంది కదా, అది చాలు. పదిహేను మీటర్ల పారదర్శక ట్యూబులో నీళ్ళు నింపి, బుడగ ఒక్కటి కూడా లేకుండా చూసుకోవాలి. బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది, చాలామంది పొరపడేది ఇక్కడే. ఒక చివర నాలుగు మీటర్ల గీత దగ్గర పట్టుకుంటే, రెండో చివర నీరు నిలిచిన చోట మేకు కొట్టండి. అక్కడినుంచి ఇంకో పదిహేను మీటర్లు. ఇలా వీధి వీధికీ తీసుకెళ్ళి రామమందిరం అరుగు మీద, బడి గోడ మీద, అంగన్‌వాడీ గుమ్మం మీద గీత గీయండి. నదికి అడ్డంగా ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు ఇది పనికొస్తుంది. నది వెంట కిలోమీటర్ల కొద్దీ తీసుకెళ్ళకూడదు, ఎందుకంటే పారే నీరు వాలుగా ఉంటుంది. పై ఊరి గీత కింద ఊరికి వర్తించదు. ఇక ఆ రోజు గొట్టా అంకె వినగానే ఏ వీధి ముందు ఖాళీ చెయ్యాలో వార్డు మెంబరుకైనా, సచివాలయం సిబ్బందికైనా కాగితం చూసి చెప్పడానికి వీలవుతుంది.

ఇంకొకటి. చాలా ఊళ్ళు నది పొర్లి మునగవు, వెనకనుంచి గెడ్డ, అంటే నదిలో కలిసే వాగు, ఎగదన్ని మునుగుతాయి. నది నిండుగా ఉంటే గెడ్డ నీరు అందులో దిగలేదు, ఆగిపోయి వెనక్కి విస్తరిస్తుంది. నది వైపు అందరూ కాపలా కాస్తుంటే నీరు ఊరి పడమటి పల్లంలోనుంచి వస్తుంది. కరకట్ట కింద మదుం (తూము) ఉన్నచోట దాని తలుపు వరదకి ముందే దించాలి. జూన్‌లోనే గ్రీజు పెట్టి, రెండుసార్లు ఎత్తి దించి చూడాలి. తుప్పు పట్టి సగంలో ఆగిన తలుపు అసలు లేనట్టే. గెడ్డ దగ్గర కూడా ఒక కొలబద్ద పెట్టండి.

కరకట్ట గురించి. వంశధార వెంట కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు. ఉన్నచోట అది మూడు రకాలుగా తెగుతుంది. నీరు పైనుంచి పొర్లి వెనక వాలు కోసుకుపోవడం ఒకటి. నది వైపు మట్టి జారిపోవడం రెండు. మూడోది, కిందినుంచి ఊట. ఎలక బొరియలు, పీత బొరియలు, కుళ్ళిన చెట్ల వేళ్ళు దీనికి దారి. గట్టుకి ఇవతల పొలంలో నీరు బుగ్గలాగా పైకి వస్తుంటే దాన్ని దోసిట్లో పట్టి చూడండి. తేటగా ఉంటే కాపలా పెట్టి గంట గంటకీ చూడాలి. బురదగా, ఇసుక కలిసి వస్తుంటే గట్టు లోపల కరిగిపోతోందని అర్థం, అక్కడినుంచి వ్యవధి గంటల్లోనే. అప్పుడు దాని మీద బస్తాలు వేసి నొక్కెయ్యడం అందరూ చేసే పని. అది చెయ్యకండి. నొక్కితే పక్కనే ఇంకో చోట పైకి వస్తుంది. బుగ్గ చుట్టూ రెండు మీటర్ల వెడల్పున బస్తాలతో గుండ్రంగా గోడ కట్టండి. లోపల నీరు నిలబడి పైకి లేస్తుంది, ఆ బరువు కిందినుంచి వచ్చే ఒత్తిడిని నెమ్మదింపజేస్తుంది. నీరు తేటపడే దాకా గోడ ఎత్తు పెంచండి, పైన పొర్లడానికి ఒక చిన్న దారి వదలండి. లక్ష్యం నీటిని ఆపడం కాదు, మట్టి రాకుండా ఆపడం.

బస్తాల విషయంలో కూడా కొలతలు ఉన్నాయి. సగానికి పైన, మూడింట రెండు వంతులకి మించకుండా నింపాలి. నిండా నింపి బిగించి కట్టిన బస్తా గుండ్రంగా ఉంటుంది, పక్కదానితో అతకదు, సందుల్లోనుంచి నీరు పోతుంది. మూతి మడిచి కింద పెట్టి, ఇటుకల వరసలాగా సందు మీద మధ్య భాగం వచ్చేలా పేర్చి కాళ్ళతో తొక్కాలి. వంద అడుగుల పొడవున అడుగు ఎత్తుకి సుమారు 600 బస్తాలు పడతాయి. రెండడుగులకి రెట్టింపు చాలదు, 2 వేల దాకా కావాలి, ఎందుకంటే అడుగున వెడల్పు ఎత్తుకి మూడింతలు ఉండాలి. అవి రాత్రికి రాత్రి దొరకవు. యూరియా, సిమెంటు ఖాళీ సంచులు వేసవిలోనే పంచాయతీలో పోగుచేసి, ఇసుక కుప్ప ఎక్కడ ఉందో ముందే చూసుకోండి.

మనుషుల సంగతి క్లుప్తంగా. కాజ్‌వే మీద పారే నీరు అడుగు లోతు ఉంటే ఆటో తేలిపోతుంది, వేగంగా పారే అర అడుగు లోతు నీరు మనిషిని పడేస్తుంది. పశువుల పలుపులు విప్పెయ్యండి, కట్టేసిన గొడ్డే మునిగి చస్తుంది. గొంతువాపు టీకా జూన్‌కి ముందే వేయించాలి. మోటారు స్టార్టర్ పెట్టె విప్పి పైన పెట్టండి. సహాయానికి 112, రాష్ట్ర విపత్తు కేంద్రానికి 1070.

వరి విషయం మళ్ళీ వివరంగా చెప్పాలి. ముంపు పొలాలకి స్వర్ణ సబ్-1 లాంటి రకం మంచిదే, పిలకల దశలో రెండు వారాల దాకా పూర్తిగా మునిగినా తట్టుకుంటుంది. కానీ ఆ గుణం పూత మీద, గింజ మీద ఉన్న పంటని కాపాడదు. అక్టోబరు వరదకి అది మందు కాదని గుర్తుంచుకోండి. నీరు తీశాక, పంట ఇంకా పచ్చగా ఉంటే ఎకరాకి 20 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్ వేస్తే కోలుకుంటుంది. నీరు తీయకుండా వేస్తే కొట్టుకుపోతుంది. గింజ గట్టిపడ్డాక పడిపోయిన చేనులో వెన్నులు మొలకెత్తకుండా లీటరుకి 50 గ్రాముల ఉప్పు కలిపి, ఎకరాకి 200 లీటర్ల ద్రావణం పిచికారీ చెయ్యాలి. వాన తెరిపి ఇచ్చిన మొదటి పూటే, ఆలస్యమైతే ప్రయోజనం ఉండదు.

తాగే నీటి బావి మునిగితే ముందు నీరు తోడి పారబోసి, ఊరిన నీటికి బ్లీచింగ్ వెయ్యాలి. బావి వ్యాసాన్ని వ్యాసంతో, నీటి లోతుతో, 3.14తో గుణించి నాలుగుతో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. రెండు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీరు ఉన్న బావిలో పన్నెండున్నర వేల లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ చాలు, వరద తర్వాత అంతకి రెట్టింపు వేసి, గంట ఆగాక నీటిలో క్లోరిన్ మిగిలిందో లేదో చూడాలి. మిగలకపోతే మళ్ళీ వెయ్యాలి. పొడిని నేరుగా బావిలో చల్లకండి, బకెట్లో కలిపి, తేరుకున్న నీటిని దించాలి. పాత బస్తాలోని పౌడరు ఘాటు పోయి ఉంటుంది, కొలత సరిపోదు.

పరిహారం దగ్గర జరిగే నష్టం కాగితాల వల్ల. పంట 33 శాతం, ఆపైన పోతేనే పెట్టుబడి రాయితీ లెక్కలోకి వస్తుంది. ఈ-క్రాప్ అనే ప్రభుత్వ పంట నమోదులో పేరు లేని కౌలురైతు ఎంత మునిగినా జాబితాలో ఉండడు. అందుకే నమోదు ఆగస్టులోనే చూసుకోవాలి. పొలంలో ఇసుక మేట వేస్తే తొలగింపు సాయానికి మేట మూడు అంగుళాలకి మించి ఉండాలి. ట్రాక్టరు దించే ముందే నాలుగైదు చోట్ల గుంట తీసి, అందులో స్కేలు నిలబెట్టి ఫోటో తీయండి. ఇసుక ఎత్తేశాక ఎవరికీ చూపించలేరు.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి. తర్వాత అందరం రేవు దగ్గరకి వెళ్దాం. ట్యూబూ, మేకులూ, పెయింటూ తెచ్చి ఉంచారు. మెట్ల మీద గీతలు గీసి, అక్కడినుంచి మొదటి వీధి దాకా మట్టం ఎలా తీసుకురావాలో మీ చేతే చేయిస్తాను. ప్రతి ఊరినుంచీ ఇద్దరు ముందుకు రండి.